లెక్క తప్పలేదు... గోడ తప్పింది!

మే నెల. సాయంత్రం నాలుగున్నర. ఫోన్ మోగింది. అవతల బెజవాడ వైపు ఓ పట్టణంలోని ఆసుపత్రి మేనేజరు. ఆ బిల్డింగుకి ఏసీ డిజైన్ చేసిచ్చింది మా ఆఫీసే.

"సార్, పై అంతస్తులో డయాలసిస్ గది చల్లబడట్లేదు. పేషెంట్లు ఇంటి దగ్గర్నుంచి టేబుల్ ఫ్యాన్లు తెచ్చుకుంటున్నారు. మీరొకసారి వచ్చి చూస్తారా, లేకపోతే మీకు పడాల్సిన తిట్లు నేనే తింటూ కూర్చోవాలా?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ గదికి ఎన్ని టన్నుల ఏసీ కావాలో లెక్కగట్టింది నేనే.

మర్నాడు పొద్దున్నే హైదరాబాద్‌లో బయల్దేరి, మధ్యాహ్నం రెండింటికల్లా అక్కడున్నాను. ఎనిమిది మంచాలు, ఎనిమిది మెషీన్లు. డయాలసిస్ అంటే ఒక్కో మనిషి దాదాపు నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. చేతికి గొట్టాలుంటాయి. ఉక్కపోస్తోందని లేచి వరండాలోకి వెళ్లే వీలు లేదు. కిటికీ వైపు మంచం మీద ఓ పెద్దావిడ ఖాళీగా ఉన్న చేత్తో విసనకర్ర ఊపుకుంటోంది. నన్ను చూసి "ఏసీ బాగుచేసే అబ్బాయివా నాయనా?" అంది. అవునన్నాను. ఇంకేమనను?

గోడకున్న థర్మామీటర్ 26 డిగ్రీలు చూపిస్తోంది. అంత ఘోరమేం కాదే అనుకున్నా. అక్కడి టెక్నీషియన్ కూడా అదే మాట అన్నాడు. "నేను రోజూ పొద్దున చెక్ చేస్తాను సార్. బ్రహ్మాండంగా పనిచేస్తుంది." పక్కనే ఉన్న నర్సమ్మ ఊరుకోలేదు. "పొద్దున షిఫ్టు వాళ్లెవరూ ఏమనరు సార్. గొడవంతా మధ్యాహ్నం షిఫ్టు వాళ్లదే. నాలుగింటికి చూడండి" అంది.

నాలుగయ్యింది. 29. అయిదయ్యింది. 31. అప్పుడు గానీ నేను తల తిప్పి పడమటి వైపు చూడలేదు. నా లెక్క ప్రకారం అక్కడ తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఉండాలి. కళ్లెదురుగా ఉన్నది ఈ చివర్నుంచి ఆ చివరి దాకా అద్దం!

గోడ ఎప్పుడు మారింది?

ఆఫీసుకొచ్చి పాత మెయిళ్లన్నీ తిరగేశాను. డిజైన్ జరుగుతున్న రోజుల్లోనే ఆసుపత్రి వాళ్లు 'ముందు వైపు అద్దాలుంటే లుక్ బాగుంటుంది' అన్నారట. ఆర్కిటెక్ట్ డ్రాయింగ్ మార్చాడు. మార్చినట్టు మాకు మెయిల్ కూడా పెట్టాడు. మా డ్రాఫ్ట్స్‌మన్ ఆ కొత్త డ్రాయింగ్ తీసుకుని మా ఫైల్లో పెట్టేశాడు. మేం డక్టులు గీసింది ఆ కొత్త డ్రాయింగ్ మీదే. అంటే, మా బొమ్మలో అద్దం ఉంది. మా లెక్కలో మాత్రం ఇటుక గోడే ఉండిపోయింది.

ఆయనెక్కడ తప్పాడని ఆర్కిటెక్ట్‌ని అనను? సాఫ్ట్‌వేర్‌ని మాత్రం ఏమనను? రెండు సాఫ్ట్‌వేర్లూ వాటి పని అవి సరిగ్గానే చేశాయి. ఆ రెంటి మధ్యా మాట మోసేవాణ్ణి నేను. నేనే మోయలేదు.

ఫైలు చూసి మా సీనియర్ ఒక్క ముక్క అన్నారు. "లెక్క తప్పలేదయ్యా. గోడ తప్పింది."

మా పని ఎలా నడుస్తుందో కాస్త చెప్తాను. ఏ పెద్ద భవనానికైనా ఏసీ, కరెంటు, నీళ్లు, డ్రైనేజీ, అగ్నిమాపక పైపులు ఉంటాయి కదా, వీటన్నిటినీ కలిపి బిల్డింగ్ సర్వీసెస్ అంటారు. వీటిని గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి. ఒకప్పుడు ఆటోక్యాడ్, ఇప్పుడు ఎక్కువగా రెవిట్. ఆటోక్యాడ్‌కి గీతలే తెలుసు. రెవిట్‌లో గీసేది గోడ అయితే, అది గోడ అని, ఎంత మందమో, దేంతో కట్టిందో ఆ ఫైలుకి తెలుస్తుంది. లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లు వేరు. ఏసీ లెక్కలకి హ్యాప్, ట్రేస్ లాంటివి. ఏడాది పొడుగునా కరెంటు ఎంత కాలుతుందో చూడాలంటే ఎనర్జీప్లస్ లాంటివి. ఇవి కాక ప్రతి ఆఫీసులోనూ ఎవరో మహానుభావుడు ఎప్పుడో తయారుచేసిపెట్టిన ఎక్సెల్ షీట్లు ఉండనే ఉంటాయి.

ఇప్పుడు ఆలోచించండి. గది పొడవు, వెడల్పు, ఎత్తు, ఏ వైపు ఎంత గోడ, ఎంత కిటికీ... ఇవన్నీ బొమ్మలో ఉన్నాయి. లెక్కకి కావల్సినవీ ఇవే. కానీ బొమ్మ ఒక పెట్టెలో, లెక్క ఇంకో పెట్టెలో. మధ్యలో మేం కొలతలు చూసి, కాగితం మీద రాసుకుని, అవతల టైప్ చేస్తాం. ఆ ఆసుపత్రిలో గదులు వంద పైనే. ఒక్కో గదికి ఓ పదిహేను అంకెలు వేసుకున్నా పదిహేను వందలు దాటాయి. మొదటిసారి ఓపిగ్గా ఎక్కించేస్తాం. ఆర్కిటెక్ట్ రెండోసారి మార్చినప్పుడు మారిన గదులు వెతుక్కుని దిద్దుతాం. నాలుగోసారి మార్చేసరికి 'పెద్దగా ఏం మారలేదులే' అనుకుంటాం. నా కొంప ముంచింది ఆ 'లే'యే.

అద్దం ఖరీదు రెండు టన్నులు

అద్దం పెడితే అంత తేడా వస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. చిన్న లెక్క చూద్దాం. భయపడకండి, గుణకారాలే.

ఏసీని టన్నుల్లో కొలుస్తారని తెలుసుగా. ఇది ఏసీ బరువు కాదు. వెనకటి రోజుల్లో మంచుగడ్డలతోనే చల్లబరిచేవాళ్లు. ఒక అమెరికన్ టన్ను మంచు, అంటే 2,000 పౌన్లు, 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడి లాక్కుంటుందో అది ఒక టన్ను. ఇప్పటి కొలతలో 3,517 వాట్లు.

మన గదికి పడమటి అద్దం 30 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు. 240 చదరపు అడుగులు, అంటే సుమారు 22 చదరపు మీటర్లు. మే నెల సాయంత్రం ఎండ ఎదురుగా కొడుతుంటే, నీడ లేని మామూలు అద్దం గుండా చదరపు మీటరుకి 300 వాట్ల వేడి లోపలికి వస్తుందనుకుందాం. 22ని 300తో గుణిస్తే 6,600 వాట్లు. ఇది ఎండ వాటా. బయట 40 డిగ్రీలు, లోపల 24. ఈ 16 డిగ్రీల తేడాకి అద్దం గుండా ఊరికే పాకి వచ్చే వేడి ఇంకో 1,900 వాట్లు. మొత్తం 8,500. అదే చోట తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఉంటే వెయ్యి వాట్లు దాటదు. అది కూడా వెంటనే రాదు. గోడ మెల్లగా వేడెక్కి, పొద్దు గుంకాక లోపలికి వదుల్తుంది. తేడా 7,500 వాట్లు. అంటే రెండు టన్నుల పైమాట.

మేం ఆ గదికి పెట్టింది అయిదు టన్నులు. కావల్సింది ఏడు. పొద్దున షిఫ్టుకి అయిదు చాలు, అందుకే వాళ్లెవరూ ఏమనలేదు. టెక్నీషియన్ కూడా అబద్ధం చెప్పలేదు. సూర్యుడు పడమటికి తిరిగాకే నా తప్పు బయటపడేది.

రెండు పెట్టెలకీ ఒక భాష

ఇంత జరిగాక నాకు పట్టుదల వచ్చింది. బొమ్మలో ఉన్నది లెక్కలోకి నా చెయ్యి తగలకుండా వెళ్లే దారి ఉందా? ఉంది. చాలా ఏళ్లుగా ఉంది. వాడనిది మేమే.

ఈ బాధ నా ఒక్కడిదే కాదు. 1990ల నుంచే భవనాల సాఫ్ట్‌వేర్లన్నీ అర్థం చేసుకునే ఉమ్మడి భాష కోసం ప్రయత్నాలు జరిగాయి. వాటిలో రెండు నిలబడ్డాయి. ఒకటి ఐఎఫ్‌సీ. తలుపు గడియ నుంచి పైకప్పు దాకా భవనం మొత్తాన్నీ వర్ణించగల పెద్ద భాష అది. 2013లో దానికి ఐఎస్ఓ 16739 అనే అంతర్జాతీయ ప్రమాణం హోదా వచ్చింది. రెండోది జీబీఎక్స్ఎంఎల్. 1999లో కాలిఫోర్నియాలో గ్రీన్ బిల్డింగ్ స్టూడియో అనే సంస్థ మొదలుపెట్టింది. ఇది చిన్న భాష. గడియలూ గొళ్లేలూ దీనికి అక్కర్లేదు. వేడి, వెలుతురు, ఇంధనం లెక్కలకి ఏం కావాలో అంతవరకే చెప్తుంది.

మా పనికి ఈ చిన్నదే సరిపోయింది. రెవిట్‌లోంచి ఒక ఫైలు బయటికి తీస్తే, దాన్ని మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవొచ్చు. అందులో వరస మన పోస్టు అడ్రసులాగే ఉంటుంది. ముందు క్యాంపస్, దాన్లో బిల్డింగ్, దాన్లో స్పేస్, అంటే గది. స్పేస్‌ని చుట్టిన ఒక్కో గోడ, కప్పు, నేల ఒక్కో సర్‌ఫేస్. ఆ సర్‌ఫేస్‌కి పెట్టిన కిటికీ, తలుపు ఓపెనింగ్. ప్రతిదానికీ ఒక గుర్తింపు సంఖ్య. ఏ గోడ ఏ రెండు గదుల మధ్య ఉందో, ఏది బయటి గోడో, ఏ దిక్కుకి తిరిగి ఉందో అన్నీ రాసి ఉంటాయి. పడమటి గోడ అద్దంగా మారిందంటే, ఆ ఓపెనింగ్ సైజు దానంతటదే మారిపోయి లెక్కలోకి వెళ్తుంది. నేను గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు.

ఇదేదో ముందే చేసి ఉంటే ఆ పెద్దావిడ చేతిలో విసనకర్ర ఉండేది కాదు కదా అనిపించింది.

మొదటి ఫైలు పెట్టిన కంగారు

అంతా ఇంత తేలికైతే ఈ వ్యాసం ఇక్కడే అయిపోయేది. తర్వాతి ప్రాజెక్టుకి ఎంతో ఉత్సాహంగా ఫైలు బయటికి తీసి, లెక్కల సాఫ్ట్‌వేర్‌కి ఎక్కించాను. ఒక్క క్లిక్కు! గదులన్నీ వచ్చేశాయి. జవాబు చూస్తే నా అంచనాకి దాదాపు ఒకటిన్నర రెట్లు టన్నులు. మొదట్లో లెక్క తక్కువొచ్చి మునిగాను. ఇప్పుడు ఎక్కువొచ్చింది. ఇంత పెద్ద మెషీన్లు కొనమంటే యజమాని ఊరుకుంటాడా?

రెండ్రోజులు కూర్చుని ఒక్కో గదీ విప్పి చూశాను. మూడు సంగతులు బయటపడ్డాయి.

మొదటిది, స్టోర్‌రూములకీ, పైపులు వెళ్లే షాఫ్టులకీ ఏసీ లేదు గదా అని నేను బొమ్మలో వాటిని స్పేస్‌లుగా గుర్తించలేదు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అక్కడ గది లేదు. గది లేదంటే అది ఆరుబయలే! దాంతో ఆ పక్కనున్న లోపలి గోడలన్నీ బయటి గోడలైపోయి, భవనం నడిబొడ్డున ఎండ కాయడం మొదలుపెట్టింది.

రెండోది ఎత్తు. గది ఎత్తు ఫాల్స్ సీలింగ్ దాకానా, పైన శ్లాబ్ దాకానా? బొమ్మలో ఒక్కో చోట ఒక్కోలా ఉంది. ఒక గది ఎత్తయితే శ్లాబ్ దాటి పై అంతస్తులోకి చొచ్చుకుపోయింది.

మూడోది అన్నిటికన్నా ప్రమాదం. గదిలో ఎంతమంది ఉంటారు, ఏ మెషీన్లు ఉంటాయి, ఎన్ని గంటలు నడుస్తాయి... ఇవి గోడల్లో కనపడవు. ఎవరో ఒకరు చెప్పాలి. నేను చెప్పలేదు. చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ ఊరుకోదు, తనకి తోచింది వేసుకుంటుంది. మా ఫైల్లో వంటగది దగ్గర్నుంచి సర్వర్ రూము దాకా అన్నీ 'ఆఫీసు'లే!

అప్పుడర్థమైంది. చేత్తో టైప్ చేసే రోజుల్లో పొరపాట్లు ఒక్కో గదికి ఒక్కోటి జరిగేవి. ఇప్పుడు ఒక్క పొరపాటు ఒక్క క్లిక్కుతో వంద గదులకీ వెళ్తుంది. దారి వేసినంత మాత్రాన దాని మీద మంచి సరుకే వెళ్తుందని గ్యారంటీ లేదు.

కొలమానాల గొడవ సంగతి సరేసరి. ఒకరు అడుగుల్లో, ఒకరు మీటర్లలో. జీబీఎక్స్ఎంఎల్ ఫైల్లో పొడవు ఏ కొలతలో ఉందో, ఉష్ణోగ్రత ఏ కొలతలో ఉందో మొదట్లోనే రాయాలి. ఇది చాదస్తం అనుకునేరు! ఆ భాష మొదలైన 1999లోనే సెప్టెంబరులో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గరికెళ్లి నాశనమైంది. భూమి మీద ఒక సాఫ్ట్‌వేర్ పౌన్ల లెక్కలో అంకెలిచ్చింది. అందుకున్న సాఫ్ట్‌వేర్ వాటిని న్యూటన్లు అనుకుంది. ఒక పౌన్ బలం అంటే దాదాపు 4.45 న్యూటన్లు. అక్కడా లెక్క చేసిన కంప్యూటర్లు చెడిపోలేదు. చేతులు మారే చోట మాట మారింది.

పోయిన అంకె తిరిగి రావాలి

ఇంకో సంగతి కూడా మెల్లగా తెలిసొచ్చింది. బొమ్మ నుంచి లెక్కకి అంకెలు వెళ్తే సగం పనే అయినట్టు. లెక్క తేల్చిన జవాబు తిరిగి బొమ్మలోకి రావాలి. ఈ గదికి ఇంత గాలి కావాలని లెక్క చెప్తే, డక్టు సైజు దాన్ని బట్టి మారాలి. డక్టు పెరిగితే ఫాల్స్ సీలింగ్ కిందికి దిగుతుందేమో చూడాలి. ఫ్యాన్ మోటారు పెరిగితే ఆ కబురు ఎలక్ట్రికల్ వాళ్లకి అందాలి. వాళ్ల లెక్కలో కేబుల్ సైజు, బ్రేకర్, చివరికి జనరేటర్ కూడా మారతాయి. పడమటి గోడ మీద మొదలైన ఒక్క మార్పు కింద సెల్లార్‌లో జనరేటర్ దాకా నడిచి వెళ్తుంది. మధ్యలో ఎక్కడ ఆగిపోయినా ఎవరో ఒకరు ఉక్కపోతలో కూర్చుంటారు.

తిరుగు ప్రయాణంలో పనికొచ్చేది ఆ గుర్తింపు సంఖ్యే. గది పేరు కాదు. పేర్లు మారుతుంటాయి. నిన్న 'కన్సల్టేషన్-2' అన్నది ఇవాళ 'స్కానింగ్' అవుతుంది. నంబరు ఒకటే అయితే జవాబు సరైన గదికే చేరుతుంది. అందుకే మా ఆఫీసులో ఇప్పుడు గదిని చెరిపేసి కొత్తగా పెట్టడం నిషేధం. మార్చాలంటే ఉన్నదాన్నే దిద్దాలి. చెరిపేస్తే నంబరు పోతుంది, దాంతోపాటు దాని చరిత్రంతా పోతుంది.

ఈ నష్టాన్ని అమెరికాలో లెక్కగట్టారు కూడా. అక్కడి ప్రభుత్వ సంస్థ ఎన్ఐఎస్‌టీ 2004లో ఇచ్చిన నివేదిక ప్రకారం, పెద్ద భవనాలు, కర్మాగారాల రంగంలో సాఫ్ట్‌వేర్ల మధ్య సమాచారం సరిగ్గా మారకపోవడం వల్ల 2002లో అయిన ఖర్చు 1,580 కోట్ల డాలర్లు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు భరించింది డిజైనర్లూ కాదు, కాంట్రాక్టర్లూ కాదు. భవనాల యజమానులు, వాటిని నడుపుకునేవాళ్లు. తప్పు మా టేబుల్ మీద జరిగితే బిల్లు మీ ఇంటికి వస్తుందన్నమాట.

మీరు అడగాల్సిన ప్రశ్నలు

అందుకే ఇది ఇంజనీర్లు మాత్రమే మాట్లాడుకునే విషయం కాదంటాను. మీరో క్లినిక్కో, ఫంక్షన్ హాలో, చిన్న ఆఫీసో కట్టిస్తున్నారనుకోండి. సాఫ్ట్‌వేర్ పేర్లు మీకు తెలియక్కర్లేదు. మూడు ప్రశ్నలు చాలు.

ఒకటి: "ఈ హీట్ లోడ్ లెక్క ఏ డ్రాయింగ్ చూసి చేశారు? దాని రివిజన్ నంబరెంత, తేదీ ఎంత?" మీ చేతిలో ఉన్న ఆఖరి డ్రాయింగ్ నంబరూ, ఆ లెక్క మీద ఉన్న నంబరూ ఒకటి కాకపోతే అక్కడే ఆపండి.

రెండు: "నేను కిటికీ పెంచమన్నాను కదా, ఏ టన్నేజీ మారింది?" ఏమీ మారలేదంటే ఎందుకు మారలేదో చెప్పమనండి. నిజంగానే మారక్కర్లేకపోవచ్చు. కానీ చూసి చెప్పాలి, ఊరికే చెప్పకూడదు.

మూడు: "ఈ గదిలో ఎంతమంది ఉంటారని వేశారు?" మీ ఫంక్షన్ హాల్లో భోజనాల వేళ ఎంతమంది ఉంటారో మీకు తెలిసినట్టు ఏ సాఫ్ట్‌వేర్‌కీ తెలీదు.

నేనూ ఒక అలవాటు చేసుకున్నాను. ఫైలు ఎంత చక్కగా వెళ్లినా, ప్రతి అంతస్తులోనూ ఓ రెండు గదులు ఎంచుకుని కాగితం మీద చేత్తో లెక్కేస్తాను. ఎప్పుడూ పడమటి గదులే ఎంచుకుంటాను. కారణం మీకు తెలుసు.

ఇంతకీ ఆ డయాలసిస్ గది ఏమైందంటారా? వారంలోగా అద్దం బయట పచ్చ షేడ్‌నెట్ కట్టించాం. లుక్ పోయిందని యజమాని మొహం మాడ్చుకున్నా, గది మూడు డిగ్రీలు తగ్గింది. ఆ తర్వాత బయట లూవర్లు పెట్టి, రెండు టన్నుల యూనిట్ ఒకటి అదనంగా బిగించాం. ఆ డబ్బులో సగం మా ఆఫీసు పెట్టుకుంది. పెట్టుకోవాలి కూడా.

మరుసటి మే నెలలో, నాలుగు దాటాక, మళ్లీ అదే నంబర్నుంచి ఫోన్. గుండె గతుక్కుమంది. ఈసారి నర్సమ్మ.

"సార్, మధ్యాహ్నం షిఫ్టు వాళ్లు చలేస్తోంది, దుప్పట్లు కావాలంటున్నారు. రిమోట్‌లో ఎంత పెట్టమంటారు?"

"25 పెట్టండమ్మా" అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు హాయిగా నవ్వుకున్నాను.